అరుంధతిని చూపిన వ్రేలు

వేసవి రాత్రి ఆరుబయట నులకమంచంపై పడుకొన్న మనుమనికి నాయనమ్మ ఉత్తరాకాశంలో సప్తర్షి మండలాన్ని చూపేది. ముందుగా ఏడు నక్షత్రాలు, వాటిలో తోక చివరి నుండి రెండవవాడైన వసిష్ఠుడు, ఆయన ప్రక్కనే కనీకనిపించని అరుంధతి. మొదటి రాత్రే అది కంటికి చిక్కేది కాదు. చూపు నిలకడ పొందిన నాడు హఠాత్తుగా గోచరించేది. నేడు ఫోనును ఆకాశం వైపు ఎత్తితే చాలు; నక్షత్ర నామమూ, సుమారు 80 కాంతి సంవత్సరాల దూరమూ క్షణంలో తెరపై ప్రత్యక్షమవుతాయి. సాంకేతికత బాల్యపు రహస్యాన్ని హరించిందని పెద్దలెందరో నిట్టూర్చడానికి కారణమిదే.

ఆ నిట్టూర్పు సహజమే కాని, విచారణీయం. బాల్యంలో మధురమైనది అజ్ఞానమే అయితే, జ్ఞానం దానికి శత్రువు కావాలి. అజ్ఞానాన్ని భద్రపరచుకొమ్మని ఏ ఉపనిషత్తూ బోధించలేదు. నిజానికి నాయనమ్మ దేనినీ దాచలేదు. తెలిసినదానినే క్రమంగా చూపింది. స్థూల నక్షత్రాన్ని ముందు చూపి, పిదప సూక్ష్మమైన అరుంధతిని చూపే ఈ పద్ధతినే శాస్త్రకారులు అరుంధతీ న్యాయమన్నారు. బ్రహ్మోపదేశ క్రమానికి శంకర భగవత్పాదులు దీనినే దృష్టాంతంగా గ్రహించారు.

కోల్పోయినది రహస్యం కాదు, ప్రశ్నకూ సమాధానానికీ నడుమనున్న నిరీక్షణం. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిత్పాణులై పిప్పలాద మహర్షిని ఆశ్రయించారు. ఆయన వెంటనే బోధించలేదు. తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఒక సంవత్సరం నివసించి, ఆపై ప్రశ్నించమన్నాడు. తనకు తెలిసియుంటే చెబుతానన్నాడు. ఆ సంవత్సరం వ్యర్థకాలం కాదు. ప్రశ్న పరిపక్వమైనదీ, ప్రష్ట అధికారి అయినదీ అప్పుడే.

కావున యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. బిడ్డ ప్రశ్నించగానే చేతికి ఫోను అందించి తప్పుకొనే పెద్దలే ఆ నిరీక్షణాన్ని అపహరిస్తున్నారు. దూరమెంతో ఫోను చెప్పవచ్చు, అందులో దోషం లేదు. దానికి ముందు కొన్ని రాత్రులు బిడ్డ ప్రక్కన కూర్చుండి ఆకాశాన్ని చూపడం పెద్దల ధర్మం. అలా నిలకడ నేర్చిన చూపే కాలక్రమాన అంతర్ముఖమై, అరుంధతిని చూస్తున్నది ఎవరని అడుగగలదు. ఆ ద్రష్ట ఏ తెరపైనా దృశ్యం కాదు. బాల్యంలో మెరిసిన రహస్యం అక్కడ అక్షతంగానే ఉన్నది.