మొక్కకు నీళ్లు, మనిషికి తూటాలు

జూన్ 5, పర్యావరణ దినోత్సవం వస్తే చాలు, ప్రతి కార్యాలయం ముందూ ఒక గుంత తవ్వి సిద్ధంగా ఉంటుంది. పెద్దమనిషి వస్తాడు, మొక్క పెడతాడు, చెంబెడు నీళ్లు పోస్తాడు, ఫొటో దిగుతాడు. మర్నాటి పేపర్లో ఆయన పర్యావరణ ప్రేమికుడు. ఆ మర్నాడే చెరువు శిఖంలో లేచిన వెంచర్‌కు ఆయనే కొబ్బరికాయ కొట్టినా మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నా కోపం మొక్క మీద కాదు. మొక్క నాటిన చేతికి సన్మానం చేసి, చెరువుకు అడ్డం నిలబడిన మనిషి మీద కేసు పెట్టే సమాజం మీద.

సోంపేట గుర్తుందా? శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ నీటి నేలను అక్కడివాళ్లు బీల అంటారు. పొలాలకు నీళ్లిచ్చేది బీల. మత్స్యకారుడికి చేపలిచ్చేది, పశువుకు మేత ఇచ్చేది బీల. దాన్ని పనికిరాని నేలగా కాగితాల మీద రాసి, 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి కట్టబెట్టారు. రైతులు, మత్స్యకారులు వద్దన్నారు. పర్యావరణ పరిరక్షణ సంఘం పెట్టుకుని రిలే దీక్షల్లో కూర్చున్నారు. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఊరివాళ్లు మొదటినుంచీ చెప్తున్నది నిజమని తేలేసరికి రెండు ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి.

ఏడాది తిరగకముందే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో మళ్లీ తుపాకులు పేలాయి. మళ్లీ ప్రాణాలు పోయాయి. అదీ తంపర అనే నీటి నేలలో కడుతున్న బొగ్గు విద్యుత్ కేంద్రమే. ఈ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయా? పర్యావరణ దినోత్సవ వేదికల మీద చనిపోయినవాళ్ల తల్లులనూ భార్యలనూ ఒక్కసారైనా కూర్చోబెట్టామా? లేదు. వాళ్లకు మనం ఇచ్చిన బిరుదు ఒక్కటే: అభివృద్ధి నిరోధకులు.

2019లో నల్లమల చూడండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు వద్దన్నారు. ఆ గొంతుకు పట్నం తోడైంది, సినిమా తారలు తోడయ్యారు. సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి చూడండి. ఉగాది సెలవుల్లో 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పిల్లలు లాఠీలకూ కేసులకూ వెరవకుండా ఎదురు నిలిచారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకుని చెట్ల నరికివేత ఆపించింది. ఆ పిల్లలకు నా నమస్కారం. కానీ ఇదే అడుగుతున్నాను: పట్నం నోరు విప్పితే శాసనసభ కదులుతుందని, న్యాయస్థానం కదులుతుందని ఇప్పుడు తెలిసింది కదా, మరి ఆనాడు సోంపేట ఒంటరిగా ఎందుకు చావాల్సి వచ్చింది? బీల అందమైన ఫొటో కాదనా? అక్కడ నెమళ్లు కాక బెస్తవాళ్లు బతుకుతున్నారనా?

ప్రకృతి ఆరాధన మన రక్తంలోనే ఉందని వేదికలెక్కి చెప్తారు. వినాయకుడికి 21 రకాల పత్రి పెట్టే జాతి మనది, పూలనే దేవతగా పేర్చి ఆడే బతుకమ్మ మనది. నిజమే. కానీ ఆ పత్రి మొలిచే గట్టు ఏది? బతుకమ్మను సాగనంపే చెరువులో ఇప్పుడు ఏం పారుతోంది? పూజ మిగిలి పూజించిన చెరువు పోతే దాన్ని సంస్కృతి అనడానికి నాకు నోరు రాదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వెళ్లండి. ఏటా చిల్లుముక్కు కొంగలు వచ్చి ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు పడతాయని, పంటలు పండుతాయని ఊరి నమ్మకం. రెట్ట వాసన భరిస్తారు, రొద భరిస్తారు, ఎవరినీ రాయి విసరనివ్వరు. ఆ ఊరు చేస్తున్నదే సంస్కృతి. అందులో ఓర్పు ఉంది, కాపలా ఉంది, కొంత నష్టం ఉంది. నష్టపోవడానికి సిద్ధపడని ప్రేమను ప్రకృతి ఏం చేసుకుంటుంది?

‘మరి కరెంటు వద్దా? ఉద్యోగాలు వద్దా?’ అని వెంటనే అడుగుతారు. సోంపేట రైతు కరెంటు వద్దనలేదు. నా నీటిని పూడ్చి తెచ్చే కరెంటు వద్దన్నాడు. బీల అప్పటికే ఊళ్లకు ఊళ్లను పోషిస్తోంది. జీతం చీటీ లేదు కాబట్టి అది ఉపాధి లెక్కలోకి రాలేదు. అనుమతులను అడ్డంకులనుకునే అభివృద్ధి చివరికి ఏమిస్తుందో విశాఖ చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసింది. పన్నెండు మంది చనిపోయారు. తగిన పర్యావరణ అనుమతి తనకు లేదని ఆ కంపెనీ అంతకు ఏడాది ముందే ప్రమాణపత్రంలో ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కూడా కర్మాగారం నడిచింది. ఆ రాత్రి ఊపిరాడక రోడ్ల మీద పడిపోయినవాళ్లను ఏ అభివృద్ధి లెక్కలో రాస్తారు?

1976లోనే రాజ్యాంగంలో అడవులనూ చెరువులనూ కాపాడటం పౌరుడి ప్రాథమిక విధి అని రాసుకున్నాం. విధి చేసినవాడిని ఠాణాకు పిలిచే పద్ధతి ఏ అధికరణంలో ఉంది? ప్రజాభిప్రాయ సేకరణ అని ఒకటి ఉంది. పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి ముందు ఊరి మాట వినడానికి చట్టం ఇచ్చిన గుమ్మం అది. వందల పేజీల పర్యావరణ ప్రభావ నివేదిక ఇంగ్లిషులో వస్తుంది, తెలుగులో సారాంశం మాత్రమే ఇస్తారు. 30 రోజుల గడువు ఇస్తారు. దాన్నీ 20 రోజులకు కుదించాలని 2020 పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాలో ప్రతిపాదించారు. షామియానా చుట్టూ పోలీసులు, బారికేడ్లు. మైకు పట్టుకున్న కూలి మనిషి గొంతు వణుకుతుంటే పక్కన నిలబడే చదువుకున్నవాడు ఒక్కడూ ఉండడు. వాడు ఊళ్లో ఎక్కడో మొక్క నాటుతుంటాడు.

మొక్కలు నాటండి, వద్దనను. కానీ మీ జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజు పని మానుకుని వెళ్లండి. లాయరైతే నివేదిక చదివి ఊరికి తెలుగులో చెప్పండి. డాక్టరైతే ఆ పొగ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో మైకులో చెప్పండి. విలేకరైతే అధికారి ప్రసంగం వదిలి రైతు మాట రాయండి. టీచరైతే సోంపేట గురించి తరగతిలో చెప్పండి. వంద మంది పట్నవాసులు ముందు వరసలో కూర్చున్న చోట తుపాకీ ఎత్తడానికి ఏ ప్రభుత్వమైనా వందసార్లు ఆలోచిస్తుంది. ఆ బలం మన చేతుల్లో ఉండి కూడా వాడకపోతే, వచ్చే సోంపేటలో పడే శవాల లెక్క మన ఖాతాలోనే రాయాలి.