సముద్రం దాటినా వెట్టి వెట్టే!

పోయిన పక్షం నాచారంలో మా దగ్గరికి ఒక తమ్ముడొచ్చిండు. ఇండస్ట్రియల్ ఏరియాలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ పని చేస్తడు. పన్నెండు గంటల డ్యూటీ. రిజిస్టర్ల పేరు లేదు, ఈఎస్ఐ కార్డు లేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టిండు. "ఇటలీలో ఎండకాలం పని. ద్రాక్ష, టమాట, స్ట్రాబెర్రీ కోత. కూలి యూరోలలో. చదువు అక్కర లేదు" అని అందులో ఉంది. ఏజెంటు పది లక్షలు అడిగిండట. మోత్కూరు దిక్కు ఊర్లో తల్లి పేరు మీద ముప్పై గుంటల అసైన్డ్ భూమి ఉంది. ఆ కాగితం పటేల్ దగ్గర పెట్టి పైసలు తెస్తనంటున్నడు. "అన్నా, పోవాల్నా వద్దా?" అని అడిగిండు.

ఈ ప్రశ్న ఒక్క తమ్మునిది కాదు. పొద్దుగాల ఉప్పల్ అడ్డా మీద నిలబడి, పని దొరక్క పది గంటలకు టిఫిన్ డబ్బతో ఇంటికి మళ్ళే ప్రతి బిడ్డదీ. అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నం.

ముందుగాల ఒక మాట. పోవద్దని మేము చెప్పం. ఊరు అమ్మ ఒడి అని పొగిడినోళ్ళు వెలివాడలో పుట్టినోళ్ళు కాదు. బాబాసాహెబ్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ పోయి కొలంబియా యూనివర్సిటీలో చదివిండు. సముద్రం దాటే హక్కు మనకూ ఉంది. అడగాల్సిన ప్రశ్న వేరే. పోయేటోడు కూలిగా పోతున్నడా, బాకీదారుగా పోతున్నడా?

ఆ కాగితం మొత్తం అబద్ధం కాదు. ఇటలీకి మనుషులు కావాలె. 2023 నుండి 2025 దాకా మూడేండ్లలో 4,52,000 మంది విదేశీ పనివాళ్ళకు ఆ దేశం కోటా పెట్టింది. 2026 నుండి 2028 దాకా సుమారు 5 లక్షల మందికి పెట్టింది. 2023 నవంబరులో మన దేశంతో వలసల ఒప్పందం కూడా చేసుకున్నది. పొలం నిజం, పంట నిజం, ఎండ నిజం. మోసం అంతా పొలానికీ మన గుడిసెకూ నడుమ నిలబడ్డోడి దగ్గర ఉన్నది.

2024 జులైలో ఇటలీలోని వెరోనా జిల్లాలో పోలీసులు 33 మంది మన దేశపు కూలీలను విడిపించినరు. వాళ్ళు దొంగతనంగా పోయినోళ్ళు కాదు, సీజన్ పని పర్మిట్ మీదనే పోయినోళ్ళు. ఒక్కొక్కరి మీద 17,000 యూరోల బాకీ. అప్పటి మన లెక్కలో సుమారు 15 లక్షలు. పాస్‌పోర్టులు గుంజుకున్నరు. రోజుకు 10 నుండి 12 గంటల పని, వారానికి ఏడు రోజులు. కూలి గంటకు 4 యూరోలు, అదీ చేతికి రాదు, బాకీ కింద జమ. వాళ్ళను అట్ల కట్టేసినోళ్ళు తెల్ల దొరలు కాదు, ఇద్దరు భారతీయులే.

గంటకు 4 యూరోలంటే అప్పటి లెక్కలో సుమారు 360 రూపాయలు. అడ్డా మీది మనిషికి కండ్లు జిగేలుమంటయి. కానీ పలక పట్టి లెక్క కట్టున్రి. రోజుకు 12 గంటలు చేస్తే 48 యూరోలు. సీజన్ పర్మిట్ ఎక్కువల ఎక్కువ తొమ్మిది నెలలు, అంటే 270 రోజులు. ఒక్కనాడు జ్వరం రాకుండ, ఒక్క పూట తినకుండ, ఇంటికి ఒక్క పైస పంపకుండ చేసినా వచ్చేది 12,960 యూరోలు. బాకీ 17,000. సీజన్ ఒడుస్తది, బాకీ ఒడవదు. పర్మిట్ అయిపోయిన మనిషి బాకీ కోసం దాక్కొని పనిచేస్తడు. దాక్కున్నోడు పోలీసు దగ్గరికి పోడు, కూలి అడగడు.

ఈ లెక్క మనకు కొత్తదా? పుట్టెడు జొన్నలు బాకీ తెచ్చి దొర ఇంట్ల జీతమున్న తాత, ఆ బాకీ తీరక కొడుకును జీతం పెట్టిండు. ఆ వెట్టిని 1976 చట్టం రద్దు చేసింది. బయానా ఇచ్చి గుంపును తోలుకపోయే మేస్త్రీని పాలమూరు కూలీలు ఎరుగుదురు. రంగూన్ బియ్యం మిల్లులకు, ఓడరేవుకు మన తెలుగు కూలీలను ఓడ ఎక్కించింది కూడా మేస్త్రీలే. ఇటలీలో ఆ మేస్త్రీ పేరు కపొరాలె. పేరు మారింది, బయానా మారలేదు.

ఇంకో సంగతి చెప్పకుంటే తప్పయితది. 2024 జూన్‌లో ఇటలీలోని లాతీనా ప్రాంతంలో పంజాబు నుండి పోయిన 31 ఏండ్ల కూలీ చెయ్యి పొలంలో మిషన్లో పడి తెగింది. కాంట్రాక్టు కాగితం లేని మనిషి. యజమాని దవాఖానకు తీసుకపోలేదు. బండిలో తెచ్చి ఇంటి ముందట దించి పోయిండు. తెగిన చేతిని పండ్ల డబ్బలో పెట్టి పోయిండు. రెండు రోజులకు ఆ బిడ్డ చనిపోయిండు. తర్వాత యజమాని అరెస్టయిండు. నాచారంలో ఈఎస్ఐ దవాఖాన ఉంది. చెయ్యి తెగిన కార్మికునికి అందులో వైద్యం హక్కు, కార్డు ఉంటే. కార్డు లేనోని గతి ఇక్కడా అక్కడా ఒక్కటే.

అయితే అదే లాతీనాలో 2016 ఏప్రిల్ 18న మన దేశపు కూలీలు వేలమంది పని బందు పెట్టి చౌరస్తాలో కూర్చున్నరు. సీజీఐఎల్ కార్మిక సంఘం పక్కన నిలబడ్డది. అదే ఏడు కపొరాలెను, వాని దగ్గర కూలీలను తీసుకొని పీడించే యజమానిని శిక్షించే 199 నంబరు చట్టం వచ్చింది. పరాయి దేశమైనా సంఘం కడితే చట్టం కదులుతది.

పోదలచిన తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఈ మాటలు మనసుల పెట్టుకోవాలె.

ఒకటి. పది పాస్ కానోళ్ళు గల్ఫ్ వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే వలస అధికారి అనుమతి కావాలె. ఆ 18లో యూరప్ దేశం ఒక్కటీ లేదు. శంషాబాద్‌లో ఆ అనుమతి అడిగేటోడు ఉండడు, కాబట్టి మనమే అడగాలె. 1983 వలస చట్టం ప్రకారం ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలె. ఆ నంబరు అడిగి, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో నిజమో కాదో చూడాలె.

రెండు. చట్టం ప్రకారం ఏజెంటు కూలీ దగ్గర తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అదీ రసీదు ఇచ్చి. పది లక్షలు అడిగినోడు ఫీజు అడుగుతలేడు, నీ మెడ అడుగుతున్నడు.

మూడు. టూరిస్టు వీసా మీద పని చేయరాదు. పని అనుమతికి దరఖాస్తు పెట్టాల్సింది ఇటలీలోని యజమాని. ఆ యజమాని ముందుకొచ్చి కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలె. చాలామంది యజమానులు కాగితం మీదనే ఉంటరు. కాంపానియా ప్రాంతంలో అనుమతి వచ్చినోళ్ళలో నూటికి ముగ్గురు కూడా కాంట్రాక్టు మీద సంతకం పెట్టలేదని 2024 జూన్‌లో ఆ దేశ ప్రధాని మెలోనీయే చెప్పింది.

నాలుగు. పాస్‌పోర్టు ఎవని చేతికీ ఇవ్వొద్దు. నకళ్ళు ఇంట్ల పెట్టి పోవాలె. మన రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, విదేశీ పనులకు మనుషులను పంపుతది. ముందు అక్కడ అడగాలె.

అయిదు. భూమి కాగితం ఇల్లు దాటొద్దు. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని పటేల్‌కు అమ్మినా, తాకట్టు పెట్టినా చెల్లదు. చెల్లదు గదా అని ధైర్యపడొద్దు. తెల్లకాగితం మీద వేలిముద్ర పడ్డనాడు దున్నేది వాని ట్రాక్టరే. పైగా చట్టం తప్పినవని సర్కారు భూమి వెనక్కి తీసుకోవచ్చు. కొడుకు ఇటలీలో బాకీదారు, తల్లి ఊర్లో కూలి.

సర్కారును కూడా అడుగుతున్నం. గల్ఫ్‌లో చనిపోయిన కూలీల కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని 2024లో నిర్ణయించినరు. అది కొట్లాడి తెచ్చుకున్నది. గల్ఫ్ శవపేటికకు ఉన్న విలువ యూరప్ శవపేటికకు ఎందుకు లేదు? ఆ సాయం దేశంతో పని లేకుండ ప్రతి కూలి కుటుంబానికీ ఇవ్వాలె. చట్టబద్ధంగా పోయే దళిత యువకులకు ఎస్సీ కార్పొరేషన్ నుండి రుణమియ్యాలె. అది లేకనే గదా పటేల్ గడప తొక్కుతున్నది!

సంఘం కార్యకర్తలు ఊరూరా ఈ లెక్కను పలక మీద రాసి చూపెట్టాలె. సీజన్ కూలితో సీజన్‌లోనే తీరని బాకీ ఏదైనా సరే, అది వెట్టి. ఇంతకంటే పెద్ద సూత్రం అవసరం లేదు.

ఆ తమ్మునికి అదే చూపెట్టినం. చాలాసేపు మాట్లాడలేదు. రెండుసార్లు తానే గుణించి చూసుకున్నడు. కాంట్రాక్టు కార్మికునికీ ఈఎస్ఐ హక్కు ఉందని చెప్తే, "అయితే ముందు గా కార్డు అడుగుతనన్నా, పది మందిమి కలిసి అడుగుతం" అన్నడు. ఇటలీ సంగతి ఇంకా ఇడిసిపెట్టలేదు, ఏజెంటు నంబరు కనుక్కుంటనని పోయిండు. భూమి కాగితం మాత్రం తల్లి సందూకలోనే ఉంది. అక్కడే ఉండాలె.

జై భీమ్!