ఎవరూ ఎంచుకోని పిల్లికి దిక్కెవరు?

పిసినారిని గురించి చెప్పవలసి వస్తే మన పల్లెల్లో "వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటారు. పిల్లికి పెట్టడమంటే దానాలన్నిటిలో కడగొట్టుదని ఆ మాటలోని భావం. పెట్టినందుకు పేరు రాదు, పెట్టకపోతే అడిగేవారుండరు. అటువంటి దానాన్నే ఒక క్రమమైన బాధ్యతగా పెట్టుకొని నెలనెలా డబ్బు పంపేవారు కొన్ని దేశాలలో వున్నారు. చదువరులారా, ఈ నెల ఆ సంగతి ముచ్చటించుకుందాము.

రోము నగరం నడిబొడ్డున లార్గో అర్జెంతీనా అనే కూడలి వున్నది. అక్కడ వీధి మట్టానికి బాగా దిగువన నాలుగు పురాతన ఆలయాల శిథిలాలు కనబడతాయి. 1920లలో జరిగిన తవ్వకాలలో అవి బయటపడ్డాయి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు హత్య జరిగిన సభామందిరపు భాగం కూడా అక్కడిదే. ఆ శిథిలాలు చాలా కాలంగా దిక్కులేని పిల్లులకు నిలయం. 1990ల తొలి సంవత్సరాల నుండి కొందరు స్త్రీలు జీతభత్యాలు లేకుండా అక్కడ పిల్లుల ఆశ్రయం నడుపుతూ వచ్చారు. వీధి పిల్లులకు అన్నం పెట్టే స్త్రీలను ఆ దేశంలో 'గత్తారె' అంటారు. 1991లో ఇటలీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం స్వేచ్ఛగా తిరిగే పిల్లులను హింసించకూడదు. వాటికి సంతాన నిరోధక ఆపరేషన్ చేసి తిరిగి తమ చోటనే వదలాలి. తీవ్రమైన జబ్బో, నయంకాని జబ్బో వుంటే తప్ప చంపకూడదు.

ఇటువంటి ఆశ్రయాలకు చేరిన పిల్లులలో ఆరోగ్యంగా, ముద్దుగా వున్న కూనలను ఎవరో ఒకరు త్వరగానే ఇంటికి తీసుకొనిపోతారు. మిగిలేవి ఏవి? గుడ్డివి, బండి క్రింద పడి కాలు పోయినవి, ముసలివి, మనిషి చేతి దెబ్బలు తిని మనిషి అంటేనే బెదిరిపోయేవి, రోజూ మందు మ్రింగవలసినవి. వచ్చిన ప్రతివారూ వాటిని చూచి "అయ్యో పాపం" అని, ప్రక్కనున్న కూనను ఎత్తుకొని వెళ్ళిపోతారు. వాటికి ఆ ఆశ్రయమే జీవితాంతం ఇల్లు.

వాటికోసమే 'దూరపు దత్తత' అనే పద్ధతి ఏర్పడింది. దాత పిల్లిని ఇంటికి తీసుకొనిపోడు. అది వున్నచోటనే వుంటుంది. దాని మేతకు, మందుకు ఆయన నెలకో, సంవత్సరానికో ఇంత అని పంపుతాడు. ఆశ్రయం వారు ఆ పిల్లి ఫోటోను, దాని కథను, క్షేమ సమాచారాన్ని పంపుతారు. ఒకే పిల్లికి పలువురు దాతలు వుండవచ్చును. అమెరికాలోని యూటా రాష్ట్రంలో కనాబ్ అనే చిన్న పట్టణం దగ్గర 1984 నుండి నడుస్తున్న బెస్ట్ ఫ్రెండ్స్ అనే పెద్ద ఆశ్రయంలోను ఇటువంటి ఏర్పాటు వున్నది.

ఎవరూ తీసుకోని పిల్లులలో రెండు రకాల వైరస్ జబ్బులు గలవి ఎక్కువగా కనబడతాయి. ఒకటి పిల్లులకు వచ్చే ల్యుకేమియా. దాని వైరస్‌ను 1964లో స్కాట్లాండులోని గ్లాస్గోలో గుర్తించారు. ఒకదానినొకటి నాకుకొన్నప్పుడు ఉమ్మి ద్వారా అది అంటుతుంది. రెండవది రోగనిరోధక శక్తిని తగ్గించే ఎఫ్.ఐ.వి. దీనిని 1986లో కాలిఫోర్నియాలో కనుగొన్నారు. ఇది ముఖ్యంగా పోట్లాటలో లోతుగా కరచినప్పుడు సోకుతుంది. ఈ రెండూ మనుష్యులకు అంటవు. ఎఫ్.ఐ.వి. వున్న పిల్లి మంచి పోషణలో చాలా సంవత్సరాలు బ్రదుకుతుంది. అయినా జబ్బు పేరు వినగానే జనం వెనుకకు తగ్గుతారు. కుష్ఠురోగిని, ఎయిడ్స్ రోగిని మన ఊళ్ళలో ఎట్లు చూశారో ఎరిగినవారికి ఈ భయం క్రొత్తది కాదు.

ఇక్కడ మన చదువరులలో చాలామంది ఒక ప్రశ్న వేస్తారు. "మన పిల్లలకే పాలు లేని చోట, పిల్లులకు స్పాన్సరులా?" ఇది న్యాయమైన ప్రశ్న. దీనిని త్రోసివేయరాదు. స్పాన్సరు అనే మాట మన సంఘాలకు క్రొత్తది కాదు. దూరదేశపు దాతల సహాయంతో బోర్డింగు హాస్టళ్ళలో చదువుకొని టీచర్లుగా, నర్సులుగా స్థిరపడినవారు మనలో అనేకులున్నారు. పిల్లవానిని పిల్లితో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. బిడ్డ ముద్ద తీసి పిల్లికి పెట్టమని ఎవరూ చెప్పరు.

అయితే చరిత్ర ఒక సంగతి చెబుతున్నది. 1866లో హెన్రీ బెర్గ్ అనే ఆయన న్యూయార్కులో జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించాడు. 1874లో ఎట్టా వీలర్ అనే మెథడిస్టు సేవకురాలు మేరీ ఎలెన్ అనే చిన్నపిల్ల ఇంటిలో దెబ్బలు తింటున్నదని తెలిసికొన్నది. ఎవరిని అడిగినా పని జరగలేదు. చివరకు ఆమె బెర్గ్ దగ్గరకు వెళ్ళింది. ఆయన, ఆయన న్యాయవాది పూనుకొని ఆ పిల్లను కోర్టు ద్వారా విడిపించారు. ఆ వెంటనే బిడ్డల రక్షణకే న్యూయార్కులో ఒక సంఘం పుట్టింది. మూగజీవికోసం కదలిన చెయ్యే బిడ్డకోసం కూడా కదిలింది. జాలి అనేది గాదెలోని ధాన్యంవలె ఒకరికి పెడితే మరొకరికి తరిగిపోయేది కాదు. వాడుకొన్నకొద్దీ పెరిగేది.

ఇంకొక మాట. స్పాన్సరు సహాయం పొందిన పిల్లవాడు పండుగకు ఉత్తరం వ్రాస్తాడు, పెద్దవాడై కృతజ్ఞత చెప్పుకుంటాడు. ముసలి పిల్లి ఏమీ వ్రాయదు. కొన్ని పిల్లులు దాత చూడవచ్చినా మూల దాగి బయటకు రావు. కొన్నాళ్ళకు అది చనిపోయిందని ఆశ్రయం నుండి ఒక కబురు మాత్రం వస్తుంది. తిరిగి ఏమీ రాదని తెలిసి ఇచ్చేవారి మనస్సు ఎటువంటిదో ఇంటిలో మంచాన పడిన పెద్దలకు సేవచేసిన కోడళ్ళకు, కూతుళ్ళకు మేము చెప్పనక్కరలేదు.

ఇందులో జాగ్రత్తలూ వున్నాయి. గుడ్డి పిల్లి ఫోటో చూడగానే మనస్సు కరిగి డబ్బు పంపడం సులభం. నా డబ్బు ఆ ఒక్క పిల్లికేనా, అన్నిటికీనా? అది చనిపోతే ఆ సొమ్ము ఏమవుతుంది? లెక్కలు చూపుతారా? నిజాయితీగల ఆశ్రయం ఈ ప్రశ్నలకు ముందే జవాబు చెబుతుంది. ఏ సంస్థకు ఇచ్చినా, ఏ హాస్టలుకు ఇచ్చినా ఇదే కొలత.

మన పల్లె కుటుంబాలు రోముకు, అమెరికాకు డబ్బు పంపనక్కరలేదు. ఎలుకల బాధకు పిల్లిని తెచ్చుకొంటాము. అది ఈనగానే కూనలను సంచిలో వేసి ఊరి బయటనో, సంతలోనో వదలివచ్చే అలవాటు చాలా ఇండ్లలో వున్నది. ముందు దానిని మానుకుందాము. ఆడపిల్లి ఆరు నెలలు నిండకముందే చూలు కట్టవచ్చును. సుమారు రెండు నెలలకే ఈనుతుంది. కనుక ఆపరేషన్ సంగతి దగ్గరలోని పశువుల డాక్టరును అడగండి. జబ్బుపడిన పిల్లికి మన పారాసెటమాల్ బిళ్ళ ఎన్నడూ వేయకండి. అది పిల్లికి ప్రాణాంతకమైన విషం. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు. నీళ్ళు, చేప తలకాయతో కలిపిన అన్నం మేలు. పిల్లి కరచినా, గీరినా సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళి టీకా సంగతి అడగండి. కుక్క ద్వారానే కాదు, పిల్లి ద్వారా కూడా రేబిస్ రావచ్చును.

మీ వీధిలో ఒక కుంటి పిల్లో, ఒంటికన్ను పిల్లో వుండే వుంటుంది. పిల్లలు రాళ్ళు రువ్వేది దానిమీదనే. ఎదురు వస్తే శకునమని అదిలించేదీ దానినే. ఈ నెల మీ బిడ్డలను పిలిచి, "ఇది మన వంతు" అని చెప్పండి. రోజూ ఒక చిప్పలో నీళ్ళు, రాత్రి మిగిలిన మెతుకులు దానికి పెట్టే పని వారికి అప్పగించండి. రాయి విసరిన చెయ్యి మెతుకు పెట్టడం నేర్చుకొంటే, రేపు ఆ చెయ్యి ముసలి తాతకు నీళ్ళు అందించడానికీ వెనుదీయదు.