ఫెండర్ వారికి బహిరంగ లేఖ: ఆ బుల్లి మాండలిన్ మళ్లీ చెయ్యండి

ఫెండర్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కార్పొరేషన్ యాజమాన్యానికి,



ఒడిశాలోని రాయగడ జిల్లా మునిగుడ నుంచి రాస్తున్నాను. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు మా ఊరి మీదుగానే పోతుంది. పక్కనే నియమగిరి కొండలు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది కనక మా బజార్లో ఇప్పటికీ తెలుగు, ఒడియా, కువి మూడు భాషలూ వినపడతాయి. పెళ్లిళ్లకీ పూజలకీ ఇక్కడ ‘మెలోడీ’ పెడతారు. తెలుగువాళ్లు ఆర్కెస్ట్రా అంటారే, అదే. అలాంటి మెలోడీల్లో మాండలిన్, ఎవరూ లేనప్పుడు గిటారు వాయించే బాపతు మనిషిని నేను. మీ కంపెనీలో వాటాదారుణ్ణి కాను, మీ ఖరీదైన సరుకు కొనగలిగినవాణ్ణీ కాను. అయినా మిమ్మల్ని ఒకటి అడగాలనుంది.

1956లో మీరు ఒక ఎలక్ట్రిక్ మాండలిన్ తెచ్చారు. బోలు డొక్క లేదు, గట్టి చెక్క పలక. మామూలు మాండలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటే దీనికి నాలుగే, అన్నీ ఒంటి తీగలు. 24 మెట్లు, ఒక్క పికప్, రెండు మరలు. అభిమానులు ముద్దుగా ‘మాండోకాస్టర్’ అన్నారు. 1976లో దాన్ని ఆపేశారు. దాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ చెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం.

పాత గిటార్లను పాత పద్ధతిలోనే మళ్లీ చెయ్యండని మిమ్మల్ని అడగడం కొత్తేమీ కాదు. 1965లో లియో ఫెండర్ తన కంపెనీని కోటీ 30 లక్షల డాలర్లకు సీబీఎస్‌కి అమ్మేశాక తయారీలో నాణ్యత పడిపోయిందని వాయించేవాళ్లు గోలపెట్టారు, పాత సరుకు వెతుక్కున్నారు. ఆ గోల చెవికెక్కడానికి మీకు పదిహేనేళ్లకు పైగా పట్టింది. 1982లో 1952 నాటి టెలికాస్టర్, 1957, 1962 నాటి స్ట్రాటోకాస్టర్లు మళ్లీ వచ్చాయి. నాకు బాగా నచ్చిన సంగతి దాని వెనక జరిగింది. సొంత కంపెనీ ఒకప్పుడు ఏం చేసిందో తెలుసుకోవడానికి మీ మనుషులే ఇలినాయిలో పాత గిటార్లు అమ్మే కొట్టుకి వెళ్లి, మీ గిటార్లనే డబ్బు పెట్టి కొనుక్కొచ్చి కొలతలు తీశారు. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. నకలు తీసేవాడికి ఉండాల్సిన బుద్ధి అదే.

అదే 1982లో జపాన్‌లోనూ చేయించారు. అవి అమెరికావాటికంటే చవక. కాలేజీ కుర్రాళ్లు కొనుక్కున్నారు, వేదికల మీద చెమటలు కక్కుతూ వాయించారు. ఈరోజు ఆ జపాన్ గిటార్లనే పాతవి కావాలంటూ జనం వేటాడుతున్నారు. అంటే నకలు నిజాయితీగా ఉంటే దానికదే అసలైపోతుందని మీకే రుజువైంది.

తరవాత దారి కొంచెం తప్పిందని నా అభిప్రాయం. 1995లో ‘రెలిక్’ అని మొదలైంది. కొత్త గిటారుకి రంగు గీకి, ఇనుముకి తుప్పు పట్టించి, నలభై ఏళ్లు వాడినట్టు చేసి అమ్మడం. 2006లో ఎరిక్ క్లాప్టన్ వాయించిన ‘బ్లాకీ’ గిటారుకి 275 నకళ్లు తీశారు, ఒక్కోటీ 24,000 డాలర్లు. అసలు బ్లాకీ 2004లో క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లకు పోయింది కదా, దాని పక్కన ఇది చవకే అనుకున్నారేమో కొన్నవాళ్లు. ఆయన చేతి రాపిడికి పోయిన రంగు కూడా నకలులో అక్కడక్కడే పోయి ఉంటుంది. పనితనాన్ని కాదనను. కానీ క్లాప్టన్ చెమటని నాకెందుకు అమ్ముతారు? మా మెలోడీల్లో వాద్యాలకి గీతలు వాటంతటవే పడతాయి. డీజే బాక్సుల మధ్య టాటా ఏస్‌లో వేసుకుని, గుంతల రోడ్డు మీద అంబోదల నుంచి బిసంకటక్ దాకా ఒక రాత్రి తిరిగితే చాలు.

నకలు అసలుకి కట్టుబడి ఉండాలంటే చూపుకి కట్టుబడితే సరిపోదు, పనికి కట్టుబడాలి. తీగ కింద పలక ఎంత మందం, మెడ ఎంత లావు, పికప్‌లో ఏ తీగ ఎన్ని చుట్లు, కింద ఏ అయస్కాంతం. గీతలూ తుప్పూ మాకొదిలేయండి.

ఇక ఆ మాండలిన్ దగ్గరికొస్తాను. మీరు దాన్ని ఆపేసిన రెండేళ్లకు, 1978లో, కృష్ణా జిల్లా గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల పిల్లవాడు మాండలిన్ మీద కర్ణాటక సంగీత కచేరీ చేశాడు. పేరు ఉప్పలపు శ్రీనివాస్. పాలకొల్లు ఊరు. నాన్నగారి మాండలిన్ ఆరేళ్లకే పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, ఈ పిల్లాడు అది తీగ మీదికి దించేవాడు. అలా దించడానికి మామూలు మాండలిన్ పనికిరాలేదు. ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఇంకా పద్నాలుగేళ్లు. తరవాత మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’, జాన్ మెక్లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబర్ 19న, నలభై అయిదేళ్లకే, చెన్నైలో పోయారు.

ఒంటి తీగ ఎందుకో మీ ఇంజనీర్లకి ఒక మాట చెప్పాలి. మన రాగంలో స్వరం మెట్టు మీద బొమ్మలా నిలబడదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. వీణ మీదైతే తీగని మెట్టు మీద పక్కకి లాగి ఆ గమకం తెస్తారు. మామూలు మాండలిన్ మీద అలా లాగితే జంటలోని రెండు తీగలూ సమానంగా సాగవు. ఒకటి ముందు, ఒకటి వెనక, శ్రుతి చెడి గరగరమంటుంది. ఇంకో చిక్కుంది. బోలు డొక్క మాండలిన్ నాదం పుట్టిన క్షణంలోనే చచ్చిపోతుంది. అందుకే పాశ్చాత్యులు మీటుని గబగబా తిప్పుతూ నాదం నిలబెడతారు. తోడిలో గాంధారాన్ని అలా మీటి చూడండి, దోమ తిరిగినట్టుంటుంది. గట్టి పలక, ఒంటి తీగ, పికప్, ఆంప్లిఫయరు ఉంటే మాత్రం ఒక్క మీటుతో నాదం నిలుస్తుంది. ఆ నిలిచినంతసేపూ ఎడమచేతి వేలు తన పని తాను చేసుకోవచ్చు. టెక్సస్ పాటలకని మీరు చేసిన పలక కర్ణాటక సంగీతానికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మీరు అనుకుని చేశారని నేననను, కానీ చేశారు.

అయిదో తీగ అడిగితే అది మా నమూనా కాదు, అసలుకి ద్రోహం అంటారేమో. గిటార్లు చేసే పాల్ బిగ్స్‌బీ 1952లోనే టైనీ మూర్‌కి అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేసిచ్చాడు. టెక్సస్ పాటల బాబ్ విల్స్ బృందంలో మాండలిన్ వాయించినవాడు ఈ మూర్. అంటే అయిదో తీగ మీ కాలిఫోర్నియాలోనే, మీకంటే నాలుగేళ్లు ముందే పుట్టింది. నాలుగు తీగలది ఉన్నదున్నట్టు చేసి, అదే పలక మీద అయిదు బిరడల తల ఉన్నది ఇంకొకటి చెయ్యండి. మంద్ర స్థాయికి దిగాలంటే మాకది కావాలి.

మా దగ్గర ఇప్పుడు ఎలా నడుస్తోందో చెబుతాను, మీకు నవ్వొస్తే రావచ్చు. మాకు దొరికే ఎలక్ట్రిక్ మాండలిన్లు చాలావరకు వడ్రంగులు చేసినవే. పలక టేకు, మెడ ఏది దొరికితే అది. పికప్ పాడైతే ఫ్యాన్లూ మోటార్లూ చుట్టే కొట్టుకి పట్టుకెళ్తాం. అక్కడ దొరికే రాగి తీగ లావు. మీరు వాడేది 42 గేజి, వెంట్రుకకంటే సన్నం, మిల్లీమీటరులో పదహారో వంతు. అదే బాబిన్ మీద లావు తీగతో చుడితే మీవాటిలో సగం చుట్లు కూడా పట్టవు, మోత పీలగా వస్తుంది. అయస్కాంతం పాత స్పీకరు పగలగొట్టి తీస్తారు. అది సరిగ్గా తీగ కిందికి రాదు, ఒక తీగ అరుస్తుంది, పక్కది గొణుగుతుంది. అంత చేసి వేదికెక్కితే సీరియల్ బల్బుల డిమ్మరు వల్ల పికప్ బుయ్యిమని మోగుతుంది.   

చెక్క గురించి మీ దగ్గర ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. పాతవాటిలో వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద 1992 నుంచి అంతర్జాతీయ నిషేధముంది. 2017లో ఆ జాతి చెట్లన్నిటికీ సైటిస్ ఒప్పందం కింద ఆంక్షలొస్తే మీరే మెక్సికో గిటార్ల మెట్ల పలకకి వేరే కర్రకి మారారు. తయారైన వాద్యాలకి 2019లో సడలించారు. మా తూర్పు కనుమల్లో ఆ జాతిదే జిట్రేగి ఉంది. దాని పరిస్థితీ అంత బాగోలేదు, నా మాండలిన్ కోసం ఒక్క చెట్టు కొట్టినా నాకిష్టం లేదు. అసలా గొడవే అక్కర్లేదు. మీరు మెట్ల పలకకి రోజ్‌వుడ్ వాడడం మొదలుపెట్టింది 1958లో. 1956 నాటి మాండలిన్ మెడ మొత్తం మేపుల్. ఆ ఏడాది నమూనానే చెయ్యండి, జిట్రేగి మాట ఎత్తక్కర్లేదు. అప్పటి పలకకి అంచులు చెక్కలేదు, చదునుగా బల్లలా ఉండేది. నాకైతే అదే అందం.

కొనేవాళ్లెవరు అని అడుగుతారు. శ్రీనివాస్ తమ్ముడు రాజేశ్ వాయిస్తున్నారు. మాండలిన్ సిస్టర్స్ శ్రీఉష, శిరీష ఉన్నారు. శ్రీనివాస్ కచేరీలు విని మాండలిన్ పట్టుకున్న పిల్లలు ఆంధ్రలో, తమిళనాట, అమెరికాలోని తెలుగిళ్లలో ఉన్నారు. వాళ్లందర్నీ కలిపినా స్ట్రాటోకాస్టర్ లెక్కకి రారు, నిజమే. 24,000 డాలర్ల గిటార్లు 275 చేయగలిగినవాళ్లకి మామూలు ధరలో కొన్ని వందల మాండలిన్లు బరువా?

బరువే అంటే ఇంకో దారి చెబుతాను. మా రైలు మార్గంలోనే, రాయగడ దాటి విజయనగరం వైపు వెళ్తే, బొబ్బిలి వస్తుంది. ఆ పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే కుటుంబాలున్నాయి. తరాలుగా చేస్తున్నారు, బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాళ్లకి పాత నమూనాల పునఃసృష్టి అక్కర్లేదు, ఎందుకంటే మధ్యలో ఎప్పుడూ ఆపలేదు. మెట్టు ఎక్కడ కూర్చోవాలో చెవితో చెప్పగల చేతులవి. మైనం మీద మెట్లు నిలబెట్టేవాళ్లకి లోహపు మెట్లు దిగ్గొట్టడం పెద్ద విద్యేం కాదు. వాళ్లకి లేనిదల్లా మీ కొలతలు. పలక బొమ్మ, మెడ వంపు, బ్రిడ్జి నుంచి పికప్ ఎంత దూరం, ఎన్ని చుట్లు. అమ్మకానికి పనికిరాదని యాభై ఏళ్ల కిందట మీరే పక్కన పెట్టిన వాద్యానికి సంబంధించిన కాగితాలవి, దాచుకుని చేసేదేం లేదు. బయట పెట్టండి. పికప్, బ్రిడ్జి, బిరడలు విడిగా అమ్మండి, అవి మాత్రం ఇక్కడ చేసుకోవడం కష్టం.

ఆ కాగితాలు మీ దగ్గరా మిగల్లేదంటే, 1981లో ఇలినాయి కొట్టుకి వెళ్లి చేసిన పనే మళ్లీ చెయ్యండి. పాతది ఒకటి కొనుక్కొచ్చి విప్పి కొలవండి. విప్పేటప్పుడు పికప్‌ని తెంపకుండా చుట్లు లెక్కపెట్టమనండి. మా కొట్టువాడు ఒకసారి తెంపేశాక లెక్కపెట్టాడు.

ఇట్లు,
మునిగుడ నుంచి ఒక మాండలిన్ వాద్యకారుడు