బయటికి దారి లేని బడి

పిల్లలకు పాఠం అర్థమైతే చాలు, అది ఏ ఫార్మాట్‌లో ఉంటే మనకేం? డిజిటల్ చదువుల గురించి ఎక్కడ మాట్లాడినా ఈ మాట వినబడుతుంది. దాని వెనకే ఇంకోటి వస్తుంది: వీడియోలు, పరీక్షలు, హాజరు, మార్కులు అన్నీ ఒకే యాప్‌లో ఉంటే ఏ గొడవా ఉండదు, ఏ వ్యవస్థలోనైనా తెరుచుకునే ఓపెన్ స్టాండర్డ్స్ అంటూ కూర్చుంటే పని సాగదు. కంపెనీవాళ్లు ఈ మాట అన్నారంటే వాళ్ల వ్యాపారం అనుకోవచ్చు. డబ్బు కట్టే ప్రభుత్వాలూ, కాలేజీ యాజమాన్యాలూ అదే పాట పాడటమే విడ్డూరం.

అడోబీ ఫ్లాష్ ప్లేయర్ సంగతి గుర్తుందా? ఒక పదిహేనేళ్ల పాటు కంప్యూటర్ పాఠంలో బొమ్మ కదిలిందంటే చాలాచోట్ల అది ఫ్లాష్ చలవే. అందరి బ్రౌజర్లలోనూ ఉంది కదా, ఇంక స్టాండర్డ్ దేనికి అన్నారు. 2020 డిసెంబర్ 31న అడోబీ దానికి మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్ ఫైళ్లను ఆడించడమే మానేసింది. మూడేళ్ల ముందే చెప్పింది కాబట్టి కంపెనీని తప్పుపట్టలేం. మూల ఫైళ్లు దగ్గరున్నవాళ్లు తిరగరాసుకున్నారు, లేనివాళ్లు పాఠాలు పోగొట్టుకున్నారు. రక్తప్రసరణ పాఠంలో విషయమేమీ పాతబడలేదు, గుండె అప్పుడు కొట్టుకున్నట్టే ఇప్పుడూ కొట్టుకుంటోంది. పాతబడింది పెట్టె మాత్రమే.

మన దగ్గరికే వద్దాం. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ కంపెనీ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియకు బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) అనుమతిచ్చింది. ట్యాబులివ్వడం మంచిదా కాదా అన్న రాజకీయ వాదన నాకిక్కడ అక్కర్లేదు. కంపెనీలు పుడతాయి, పోతాయి, అది నేరం కాదు. నేనడిగేది ఒకటే: కంపెనీ లేని రోజున ఆ పాఠాన్ని, పిల్లలు రాసిన జవాబుల్ని ఇంకో వ్యవస్థలోకి ఎత్తి పెట్టుకునే వీలుందా? ఈ ప్రశ్న ఏ ఒప్పందానికైనా మొదటి పేజీలో ఉండాలి. ఒకే యాప్‌లో అన్నీ అంటే, దిగేటప్పుడు తలుపులు బార్లా తెరిచి, ఖాళీ చేసేటప్పుడు సామాన్లు పట్టుకెళ్లనివ్వని అద్దె ఇల్లు.

తెలుగువాళ్లకు ఈ దెబ్బ కొత్తదేం కాదు. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రాలు, గైడ్లు, నోట్సు ఎన్నో! ఆ ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు మాయమై, అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ వరసకడతాయి. మార్చిపెట్టే కన్వర్టర్లున్నాయి. కానీ ఒత్తులు అటూ ఇటూ అయితే మనిషి కూర్చుని ప్రతి పేజీ చూసుకోవాల్సిందే. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరం అక్షరంగానే ఉండేలా చేసే యూనికోడ్ స్టాండర్డ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. అప్పట్లో అచ్చు బాగా వస్తే చాలనుకున్నాం. ఇప్పుడు యాప్ బాగా ఆడితే చాలనుకుంటున్నాం.

అవతలివాళ్లు చెప్పేదాంట్లో కొంత నిజముంది. స్టాండర్డ్స్ కమిటీల్లో పుడతాయి, నిదానంగా నడుస్తాయి. డిజిటల్ పాఠాల్ని ఒక వేదిక నుంచి ఇంకో వేదికకు మోసుకెళ్లడానికి అమెరికా రక్షణ శాఖ చొరవతో వచ్చిన స్కార్మ్ అనే స్టాండర్డ్ చూడండి. 2001లో విడుదలైన దాని 1.2 వెర్షన్ ఇప్పటికీ వాడుకలో ఉంది. లోపల పెద్ద మాయేం లేదు: ఒక జిప్ ఫైలు, ఏ పాఠం తర్వాత ఏది రావాలో చెప్పే ఒక సూచీ ఫైలు, మార్కులూ పూర్తయిందా లేదా అన్న సంగతీ ప్లాట్‌ఫామ్‌కు చెప్పే కొన్ని ఆదేశాలు. విద్యార్థి ఎక్కడ ఆగిందో దాచుకోవడానికి 4,096 అక్షరాల జాగా ఇచ్చారు. పొడుగాటి పాఠమైతే అది నిండిపోతుంది, మర్నాడు పిల్ల మళ్లీ మొదటికొస్తుంది. చిరాకే. కానీ ఆ పరిమితి ఎంతో అందరికీ కనిపించేలా రాసి ఉంది కాబట్టే, 2009లో వచ్చిన కొత్త ఎడిషన్‌లో దాన్ని 64,000కు పెంచగలిగారు. మూసిన యాప్‌లో అసలు పరిమితి ఉందనే తెలియదు.

దీనికంటే ప్రమాదమైంది ఇంకో వాదం: మాది ఓపెన్ సోర్స్, కాబట్టి మాకు ఆ బెంగ లేదు. 2017లో మొదలైన ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్ష మంచి పనే చేసింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ కొడితే పాఠం వస్తుంది. దాని అడుగున ఉన్న సన్‌బర్డ్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. అక్కడ ఈపబ్, హెచ్5పీ లాంటి అందరి ఫార్మాట్లూ చెల్లుతాయి. వాటి పక్కనే ఈసీఎంఎల్ అనే సొంత ఫార్మాట్ కూడా ఉంది. అందులో కట్టిన పాఠాన్ని మూడిల్ లాంటి ఇంకో బోధనా వేదికలోకి తేవాలంటే కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన చాలదు, కూర్చుని మార్చిపెట్టే మనిషి కావాలి.

ఇక టెండర్లలో స్కార్మ్ ఉందా, విద్యార్థి చేసిన పనుల్ని నమోదు చేసే ఎక్స్ఏపీఐ ఉందా అని అడిగి టిక్కు పెట్టించుకునే తంతు. ఫ్లాష్ పాఠాన్ని స్కార్మ్ జిప్‌లో చుట్టినా ఆ టిక్కు పడేది! ఎక్స్ఏపీఐ మరీ ఉదారం: ఎవరు, ఏం చేశారు, దేని మీద అని వాక్యంలా రాసుకోనిస్తుంది గానీ, ఏ క్రియ వాడాలన్నది చాలావరకు రాసేవాడికే వదిలేసింది. ఒకరు పాసైందని రాసిన చోట ఇంకొకరు నెగ్గిందని రాస్తే రెండు వ్యవస్థలూ మాట్లాడుకోలేవు. ఆ లోటు పూడ్చడానికే, ఎక్స్ఏపీఐని ఎలా వాడాలో చెప్పే సీఎంఐ5 నియమాలు 2016లో వచ్చాయి. టెండరు రాసేవాళ్లు ఆ పేరు కూడా రాయాలి.

అంతకన్నా చవకైన పరీక్ష ఒకటుంది. బిల్లు చెల్లించే ముందు కమిటీ ఎదుటే ఒక తెలుగు పాఠాన్ని, దాని ప్రశ్నల్ని, ఒక విద్యార్థి మార్కుల్ని ఆ వేదిక నుంచి దించమనండి. ప్రశ్నలు వాటి స్టాండర్డ్ ఫార్మాట్ అయిన క్యూటీఐలో, పాఠం ఈపబ్‌లోనో స్కార్మ్‌లోనో, మార్కులు సాదా సీఎస్‌వీలో రావాలి. వాటిని కంపెనీ మనిషి చెయ్యి పడకుండా, ఆ ఫార్మాట్లు చదవగల ఇంకో ఖాళీ వేదికలోకి ఎక్కించండి. ఒత్తులు నిలిచాయా, సరైన జవాబు సరైనదిగానే ఉందా, ఏ మార్కు ఏ ప్రశ్నకో తెలుస్తోందా చూడండి. ఒక పూట పని. ఆ పూట కుదరదన్న కంపెనీకి చెక్కు రాయకండి.