ఆరోగ్యవాణి: టీకా వేయించాం కదా, మరెందుకు పోయింది?

గత వేసవిలో మా ఇంటికి ఎనిమిది వారాల కుక్కపిల్ల వచ్చింది. పిల్లలు బుజ్జి అని పేరు పెట్టుకున్నారు. మొదటి టీకా అయిందని కాగితం ఇచ్చారు. ఇక భయమేమిటని రెండో వారంలోనే పార్కుకు తీసుకువెళ్ళాం. వారం తిరగకుండా వాంతులు, రక్తవిరేచనాలు మొదలయ్యాయి. పార్వో వైరస్ అన్నారు. నాలుగో రోజున బుజ్జి పోయింది. "టీకా వేయించాం కదా, మరెందుకు పోయింది?" అని మా పెద్దమ్మాయి అడిగితే, డాక్టర్లమై ఉండి కూడా జవాబు చెప్పలేకపోయాం. ఆ తర్వాత చదివి తెలుసుకున్నది ఈ నెల మీ ముందుంచుతున్నాం.

మనుషుల్లో తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు మాయ ద్వారా గర్భంలోనే బిడ్డకు చేరతాయి. ఆవుదూడకు అలా ఏమీ చేరవు. కుక్కపిల్లకు చేరేది నూటికి 5 నుంచి 10 పాళ్ళు మాత్రమే. మిగతాదంతా ముర్రుపాలలోనే రావాలి. మనం జున్ను వండుకునే ఆ పాలే దూడకు ప్రాణాధారం. కుక్కపిల్ల పేగులు ఆ ప్రతిరక్షకాలను రక్తంలోకి పీల్చుకునేది పుట్టిన మొదటి 24 గంటల్లోనే, అందులోనూ తొలి గంటల్లో ఎక్కువ. తల్లికి ముందే టీకాలు వేయించి ఉంటేనే ఆ పాలలో బలం ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. తల్లి ఇచ్చిన ఆ రక్షణ సుమారు పది రోజులకొకసారి సగానికి తగ్గిపోతుంది. కొన్నాళ్ళకు రోగాన్ని ఆపే శక్తి పోతుంది గాని, టీకాను పని చేయనివ్వకుండా అడ్డుకునే శక్తి మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది. ఆ సందులోనే పార్వో దూరుతుంది. ఏ పిల్ల ఎన్ని ముర్రుపాలు తాగిందో మనకు తెలియదు కనుక, ఆ సందు ఎప్పుడు మూసుకుంటుందో కూడా తెలియదు. అందుకే 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, 16 వారాలు నిండేదాకా టీకాలు వేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం ఆ చివరిది.

మన పిల్లల విషయంలోనూ లెక్క ఇదే. తట్టు టీకా ఇండియాలో 9 నెలలు నిండాక మొదలుపెడతారు, అమెరికాలో 12 నెలలు నిండాక. తల్లి ఇచ్చిన రక్షణ తగ్గేదాకా ఆగితే టీకా బాగా పడుతుంది. కాని రోగం తిరిగే చోట అంతకాలం ఆగడం ప్రమాదం. మరొక మాట. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించే పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. పురుటికి సాయం వచ్చిన అమ్మకో అత్తగారికో నెమ్మదిగా నచ్చజెప్పండి. మన బిడ్డలకు ఆ పాలు పేగులకు కాపలా కాస్తాయి.

కుక్కపిల్లను తెచ్చుకునేవారు చివరి టీకా పడేదాకా దాన్ని పార్కులకు, మన సంఘం పిక్నిక్కులకు తీసుకురావద్దని మనవి. టీకాలు పూర్తయిన కుక్కలున్న స్నేహితుల ఇళ్ళకు తీసుకువెళ్ళవచ్చు.

మా అమ్మాయి మరొక కుక్కపిల్ల కావాలంటోంది. పార్వో మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతుకుతుంది. మా పెరట్లోనూ ఉండే ఉంటుంది. వచ్చే ఏడాది చూద్దామని చెప్పాం. ఎందుకు ఆగాలో ఈసారి చెప్పగలిగాం.