విమానం ఎక్కే ముందు మారేడుమిల్లి ఘాటు ఎక్కండి

యానాంలో గౌతమి ఒడ్డున ఒక ఇంటి డాబా మీద ఆ సాయంత్రం ప్రార్థన కూడిక. సంఘ కాపరి కువైట్ వెళ్తున్నారు. అక్కడ మన తెలుగువాళ్ల ప్రార్థన గుంపులు పెరుగుతున్నాయట, వాళ్లను బలపరచడానికి ఈ ప్రయాణం. పాటలయ్యాక తెర మీద బొమ్మలు వేశారు. అక్కడి వాళ్లకు చూపించేవి ఇవేనన్నారు. మూడో బొమ్మలో మా ఊరు కనిపించింది. శబరి ఒడ్డున తాటాకు గుడిసె, గుమ్మంలో మా పెద్దమ్మ. కింద అక్షరాలు: అడవిలో, చీకటిలో ఉన్న ప్రజలు.

మా పెద్దమ్మ ముప్పై ఏళ్లుగా ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళ్లే మనిషి. ఆ ఫొటో తీసినాయన ఆమె పేరు కూడా అడగలేదు.

ముందే చెబుతున్నాను, నేను మతం మీద కత్తి దూయడానికి రాలేదు. మా ఇంట్లో అమ్మ ప్రార్థనకు వెళ్తుంది, నాన్న భూమి పండగ చేస్తాడు. రాజ్యాంగం ప్రకారం ఏ దేవుణ్ణి కొలిచినా ఆదివాసి ఆదివాసే. కాబట్టి ‘మతం మారినవాడు కోయవాడే కాదు’ అని అరిచేవాళ్లకు ఈ వ్యాసంలో ఏమీ దొరకదు. నేను అడిగేది ఒకటే. బలపరచడమంటే ఏమిటి? ఎవరు ఎవర్ని బలపరుస్తున్నారు?

దూరం వెళ్లి విశ్వాసుల్ని పలకరించడం తప్పని నేనను. గోదావరి సీమలో సంఘాలు నిలబడిందే అలాంటి ప్రయాణాల మీద. 1836లో గ్రోవ్స్ ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ దంపతుల్ని వెంటబెట్టుకొచ్చాడు, నరసాపురం మిషన్ వాళ్ల చేతుల మీదే పుట్టింది. రాజమండ్రి లూథరన్ మిషన్ చేతులు మారిపోబోతోందని తెలిసి, 1869లో హయ్యర్ మళ్లీ ఓడెక్కి వచ్చాడు. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. మా వైపు దుమ్ముగూడెంలో జాన్ కెయిన్ మా నడుమ ఏళ్ల తరబడి ఉన్నాడు. మా భాష నేర్చాడు, లూకా సువార్తను కోయ మాటల్లోకి తెచ్చాడు. వీళ్లు తెల్లదొరల కాలపు మనుషులే. మా ఆచారాల గురించి వాళ్లు రాసినవన్నీ మేం ఒప్పుకోం. కానీ వాళ్లు వచ్చి ఉన్నారు. జ్వరాలు పడ్డారు, భాష నేర్చారు. రెండు వారాల్లో చుట్టి వెళ్లిపోలేదు.

ఇక కువైట్ సంగతి. పరదేశంలో ఒంటరితనం యానానికి కొత్త కాదు. 1828లోనే ఇక్కడి నుంచి 15 మంది తెలుగు కూలీలు రీయూనియన్ దీవికి ఓడెక్కారు. ఇప్పుడు గోదావరి జిల్లాల ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో వంటపని, పిల్లల పని చేస్తున్నారు. శుక్రవారం సెలవు దొరికిన వాళ్లు గుంపుగా చేరి తెలుగులో పాడుకుంటారు. వారమంతా పరాయి భాషలో మాటలు పడ్డ మనిషికి ఆ గంట ఎంత ఊపిరో నాకు తెలుసు. హాస్టల్లో కోయలో మాట్లాడితే దెబ్బలు తిన్నవాణ్ణి నేను.

ఆ డాబా మీద నా పక్కన కూర్చున్న అక్క పదకొండేళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చింది. నెమ్మదిగా అంది: “తమ్ముడూ, అయ్యగార్లు వస్తే మాకు పండగే. కాదనను. కానీ వచ్చినవాళ్లందరికీ కానుక కవరు ఇచ్చాం. మా పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందని ఒక్కరూ అడగలేదు.”

నా వాదమంతా ఆ మాటలోనే ఉంది. కువైట్‌లో ఇంటిపని వాళ్ల కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఉంది. వారానికొక రోజు సెలవు ఇవ్వాలి. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. వాక్యం చెప్పే గంటలో ఈ మూడు ముక్కలు చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. అది చెబితే బలపరచినట్టు. శుక్రవారం గుంపులోకి రాలేని మనిషి గురించి వాకబు చేస్తే బలపరచినట్టు. ఎంతమంది కూడారో లెక్కపెట్టుకుని, మా గుడిసె బొమ్మ చూపించి, ఇంటిపని డబ్బుతో తిరిగిరావడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

‘పౌలు దేశాలు తిరగలేదా’ అంటారు. తిరిగాడు. గుడారాలు కుట్టి తన కూడు తాను సంపాదించుకున్నాడు. సంఘాల దగ్గర చందా పోగుచేసినప్పుడు యెరూషలేములోని బీదల కోసం చేశాడు, దాన్ని చేర్చడానికి తోడు మనుషుల్నీ తీసుకెళ్లాడు. మా పేరు చెప్పి పోగైన డబ్బుకు తోడు ఎవరు? మా ఊళ్లో ఎవరికీ లెక్క తెలియదు. మా ప్రార్థన పాక మాత్రం మేమే నేసుకున్నాం.

2022 జూలైలో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. కూనవరం, వి.ఆర్. పురం ఊళ్లు మునిగాయి, మేం గుట్టలెక్కాం. అదే నీరు కిందికి దిగి యానాం వీధుల్లోకీ వచ్చింది. మా వాకిలి తడిపిన వరద మీ వాకిలి దాకా వచ్చింది కదా! మీ పలకరింపు మా దాకా ఎందుకు రాదు? రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాటు మీదుగా చింతూరుకు బస్సుంది. పొద్దున ఎక్కితే సాయంత్రంలోపు మా దగ్గర ఉంటారు. వీసా అక్కర్లేదు.

అందుకే కాపరులకు మా తరఫున నాలుగు మాటలు. మమ్మల్ని అడగకుండా మా ఫొటో వాడొద్దు. మా పేరున వచ్చిన ప్రతి రూపాయికీ మా ఊరి సభలో లెక్క చెప్పండి. మా దగ్గరికి వచ్చేటప్పుడు పదిహేను కోయ మాటలైనా నేర్చుకుని రండి. కువైట్ వెళ్తే అక్కడి అక్కల కష్టాలు రాసుకొచ్చి ఇక్కడి అధికారుల ముందు పెట్టండి. ఇవి చేసేవాళ్లు లేకపోలేదు. వాళ్లకు దండం.

ఆ రోజు కూడిక ముగిశాక కాపరి గారి దగ్గరికి వెళ్లి, ఆ బొమ్మలో ఉన్నది మా పెద్దమ్మ అని చెప్పాను. ఆయన కాస్త తబ్బిబ్బయి, “పేరేమిటి బాబూ?” అన్నారు. “మీరే వచ్చి అడగండి, చెబుతుంది” అన్నాను. ఇంకా రాలేదు.